ఒక 'తే' గురించి

బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళు దాటింది. హోసూరు ప్రాంతపు మన రైతుల నోట నా బల్ల ముందు నేను ఎక్కువగా విన్న ముక్క 'తే'. వానలు పడితే కడతాను, పంట వస్తే కడతాను, కొడుకు పంపితే కడతాను.

అయితే ఆ 'తే' ఒక్కటీ వింటే అవతలివారి నమ్మకం ఎంతో తెలియదు. వాక్యం చివరిదాకా ఆగాలి. 'కడితే ఇస్తాం' అంటే ఇంకా దారి ఉంది. 'కడితే ఇచ్చేవాళ్ళం' అంటే కట్టనూ లేదు, ఇవ్వనూ లేదు.

కామర్సు చదివిన నాకు వ్యాకరణంతో పని పడింది ఈమధ్యే. మా అమ్మాయి కుటుంబం మాడ్రిడ్‌లో ఉంది. ఆరేళ్ళ మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు స్పానిష్‌లోనే చెబుతుంది. ఆ జవాబు అందుకోవాలని రెండేళ్ళుగా ఆ భాష నేర్చుకుంటున్నాను.

స్పానిష్ వారు మనలా వాక్యం చివరిదాకా ఆగనక్కరలేదు. 'సి అబ్ల' అంటే 'మాట్లాడితే', మాట్లాడవచ్చు కూడా. 'సి అబ్లార' అన్నా 'మాట్లాడితే' అనే అర్థం, కాని మాట్లాడుతుందన్న ఆశ అందులో తక్కువ. నమ్మకం ఎంతో ఆ క్రియలోనే తెలిసిపోతుంది.

ఈ రూపం తయారుచేసే పద్ధతి లెక్కంత సూటిగా ఉంటుంది. 'అబ్లార్' అంటే మాట్లాడటం. 'అబ్లారొన్' అంటే 'వాళ్ళు మాట్లాడారు'. చివరి 'రొన్' తీసేసి 'ర' చేర్చండి: 'అబ్లార'. నేను అన్నా, ఆమె అన్నా ఇదే రూపం. నువ్వు అయితే 'అబ్లారస్', మనం అయితే 'అబ్లారమొస్', వాళ్ళయితే 'అబ్లారన్'. తినడానికి 'కొమ్యేరొన్' నుంచి 'కొమ్యేర', బతకడానికి 'బివ్యేరొన్' నుంచి 'బివ్యేర'. మిగతా చోట్ల దారి తప్పే క్రియలు కూడా ఈ సూత్రానికి లొంగుతాయి. 'ర' బదులు 'సె' చేర్చి 'అబ్లాసె' అన్నా తప్పులేదు. రెండూ లాటిన్‌లోని వేర్వేరు రూపాల నుంచి వచ్చి ఒకే పనిలో కుదురుకున్నాయి. అమెరికా ఖండాల స్పానిష్‌లో 'ర'దే పైచేయి.

జరిగిపోయిన కాలపు కోరికకూ ఇదే రూపం వాడతారు. 'కెరీయ కె అబ్లార తెలుగు' అంటే 'నేను తెలుగు మాట్లాడాలని ఆమె కోరుకునేది' అని. మా అమ్మ అలాగే కోరుకునేది. బడిలో అరవం, బజారులో అరవం, కొంత కన్నడం. ఇంట్లో అడుగుపెట్టగానే తెలుగు. కోరిక తీరిందా లేదా అన్నది ఆ క్రియ చెప్పదు. మా ఇంట్లో ఆ తరానికి తీరింది. మా అమ్మాయి మాట్లాడుతుంది గాని రాయలేదు. తరువాతి తరం దగ్గరకు వచ్చేసరికి నాకూ ఈ రూపమే అవసరమైంది.

స్పానిష్‌లో 'ఒహలా' అని ఒక మాట ఉంది. అరబ్బుల పాలన నాటి అరబీ నుంచి వచ్చింది. 'దేవుడు తలిస్తే' అన్నది దాని మూలార్థం. ఇప్పుడు 'అలా అయితే ఎంత బాగుండు' అనేందుకు వాడతారు. 'ఒహలా అబ్లార తెలుగు': ఆ పిల్ల తెలుగు మాట్లాడితే ఎంత బాగుండు! మన ప్రాంతాల్లో తాతలూ అవ్వలూ ఈ వాక్యాన్ని స్పానిష్ రాకుండానే రోజూ అనుకుంటున్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. 'అబ్లార'లో ఊనిక మధ్య అక్షరం మీద పడుతుంది. అదే ఊనికను చివరికి జరిపి, రాతలో చివరి అచ్చుపైన చిన్న గీత పెడితే 'అబ్లరా' అవుతుంది. దాని అర్థం 'మాట్లాడుతుంది' అని, రేపటి మాటగా. అక్షరాలు అవే, వరుస అదే. మారేది ఒత్తి పలికే చోటు ఒక్కటే.

స్పానిష్‌లో ఆ గీత కలంతో పెట్టేయవచ్చు. మన ఇళ్ళలో అయితే పిల్ల ఏ భాషలో జవాబిచ్చినా విసుక్కోకుండా మళ్ళీ తెలుగులోనే పలకరించాలి, రేపు కూడా.