తాగొచ్చాడు అనే ముందు ఒక్కసారి చూడండి

మాది పల్నాడు జిల్లా నాదెండ్ల మండలం, ఎస్టీ కాలనీ.

మిరపకాయలు కోసే రోజులు. కూలికి పోయిన నాన్న మధ్యాహ్నం తూలుకుంటా ఇంటికొచ్చాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "ఏది చూసినా రెండుగా కనపడతందిరా" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు "తాగొచ్చాడు, పడుకోబెట్టండి" అన్నారు. దగ్గర్లో చూపిస్తే అక్కడా అదే మాట. ఆ రోజు నాన్న చుక్క ముట్టలేదు. కానీ మేమూ నమ్మాం. ఆ బాధ ఇంకా పోలేదు.

తెల్లారి గుంటూరు తీసుకుపోతే స్కాన్ తీసి, మెదడు వెనక భాగానికి రక్తం పోయే నాళం మూసుకుపోయిందన్నారు.

మెడ ఎముకల గుండా రెండు రక్తనాళాలు పైకి పోయి తల లోపల ఒకటిగా కలుస్తాయి. నడకలో నిలకడ, చూపు, మింగడం, మెలకువ ఆ రక్తం మీదే ఆధారపడతాయి. పక్షవాతాల్లో సుమారు ఐదింట ఒకటి ఈ భాగంలోనే వస్తుంది. మూతి వంకర పోకుండా, చెయ్యి పడిపోకుండా కూడా రావచ్చు. అందుకే చాలామంది పోల్చుకోలేరు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. 24 గంటల్లోపు ఇలా చేసినా కొందరు కోలుకుంటారని 2022లో వచ్చిన చైనా పరిశోధనలు చూపించాయి. మా నాన్నకు ఇంజెక్షన్ టైమ్ దాటిపోయింది, గడ్డ తీసే వీలు కూడా లేదన్నారు. ఇప్పుడు రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర, కొవ్వు తగ్గే మాత్ర వాడుతున్నాడు. బీడీ మానేశాడు. గోడ పట్టుకుని నడుస్తాడు.

మన వాళ్ళు ఎవరైనా ఉన్నట్టుండి తూలితే, మాట తడబడితే, చూపు రెండుగా అయితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఎన్నింటి దాకా బాగున్నారో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. మింగడం కష్టమవుతుంది కాబట్టి నీళ్ళు, అన్నం పెట్టొద్దు. నరం చిట్లి రక్తం కారిందో, గడ్డ కట్టిందో స్కాన్‌లోనే తేలుతుంది, కాబట్టి సొంతంగా ఏ మాత్రా వెయ్యొద్దు. తాగిన మనిషికి కూడా పక్షవాతం రావచ్చు. "తాగాడు" అని ఎవరన్నా తోసేస్తే, "పొద్దున బాగానే ఉన్నాడు, స్కాన్ తియ్యండి" అని గట్టిగా అడగండి. ఆ రోజు మేము అడగలేకపోయాం.