మిల్లీమీటరు విలువ

ఇంజనీరు వృత్తిలో మూడు దశాబ్దాలు గడిపినవారికి ఒక సత్యం అనుభవంలోకి వస్తుంది. యంత్రం చిన్నదైనా పెద్దదైనా దాని ప్రధాన శత్రువు వేడి. ట్రాన్స్‌ఫార్మరులో నూనె నింపినా, డీజిల్ ఇంజనుకు రేడియేటరు అమర్చినా, మోటారు వెనుక ఫ్యాను బిగించినా మన ప్రయత్నమంతా వేడిని పుట్టిన చోట నిలువనీయకుండా బయటికి సాగనంపడమే. మన పిల్లలు ఒళ్లో పెట్టుకుని చదువుకునే ల్యాప్‌టాప్ కూడా ఈ నియమానికి అతీతం కాదు. ఈ సంగతి తెలియక, బాగుచేయదగిన యంత్రాన్ని పక్కన పడేసి అప్పుచేసి కొత్తది కొంటున్న కుటుంబాలను చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను అండమాన్‌కు బదిలీపై వచ్చి నాలుగేళ్లయింది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ మా నివాసం. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ పలకరించే ఈ ద్వీపాలలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలో తేమ ఏడాదిలో అధికభాగం 80 శాతం పరిసరాలలోనే ఉంటుంది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. మన అనంతపురంలోనో, కర్నూలులోనో ల్యాప్‌టాప్ ఫ్యానులో చేరిన దుమ్ము ఊదితే ఎగిరిపోతుంది. ఇక్కడ అదే దుమ్ము తేమతో కలిసి, నానిన దూదిలా ముద్దకట్టి, గాలి వెళ్లే దారిని మూసివేస్తుంది.

మా కార్యాలయంలో కాంట్రాక్టు మీద వాహనం నడిపే ఒక తెలుగు సోదరుడు ఉన్నాడు. ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి చేపలవేటకు వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. ఆయన కుమార్తె ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నది. ప్రాజెక్టు సమర్పించడానికి మూడు వారాలు ఉన్నదనగా ఆమె ల్యాప్‌టాప్ మొరాయించింది. డ్రాయింగు తెరిచిన పది నిమిషాలకు నత్తనడక, మరో పది నిమిషాలకు దానంతట అదే ఆగిపోవడం. చూపించిన దుకాణంలో మదర్‌బోర్డు పోయిందనీ, కొత్తది కొనుక్కోవడమే మేలనీ చెప్పారట.

"కొత్తదంటే నా మూడు నెలల జీతం సార్. మీరొక్కసారి చూసి లేదంటే, ఇక లేదనే అనుకుంటాం" అన్నాడు ఆ తండ్రి.

ముందుగా ఆ అమ్మాయి చేత ప్రాజెక్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. తరువాత ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రాము నడిపిస్తే ప్రాసెసరు 98 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కొట్టుకులాడుతున్నది. ఆ స్థాయికి చేరిన ప్రాసెసరు తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. అంటే అది చచ్చిపోలేదు. ప్రాణం నిలుపుకోవడానికి పోరాడుతున్నది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. ప్రాసెసరు మీద రాగి పలక ఆని ఉంటుంది. కంటికి నున్నగా కనిపించే రెండు తలాల మధ్య కూడా సన్నని గాలి సందులు ఉంటాయి. రాగి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు. గాలిది 0.026 మాత్రమే. వేడిని మోయడంలో రాగి ముందు గాలి పదిహేను వేల రెట్లు అసమర్థురాలు. కనుక సందును దేనితోనైనా నింపాలి. ప్రాసెసరు దగ్గర సందు అతి స్వల్పం, అక్కడ పేస్టు చాలు. పక్కనున్న మెమరీ చిప్పుల ఎత్తు తక్కువ కాబట్టి వాటికీ పలకకూ మధ్య ఎడం ఎక్కువ. అక్కడ సిలికాన్ రబ్బరులో అల్యూమినా వంటి పింగాణీ పొడి కలిపి చేసిన మెత్తని థర్మల్ ప్యాడ్ పెడతారు.

నా తరం వారికి ఇది కొత్త కాదు. మేము చదువుకునే రోజుల్లో పవర్ ట్రాన్సిస్టరు కింద పలుచని అభ్రకపు రేకు పెట్టి, రెండువైపులా తెల్లని సిలికాన్ గ్రీజు పూసి బిగించేవాళ్లం. విద్యుత్తును ఆపి వేడిని సాగనిచ్చేది ఆ రేకు. మన నెల్లూరు సీమలో గూడూరు గనుల అభ్రకం ఒకనాడు దేశదేశాలకు వెళ్లేది. ఆ అభ్రకానికి వారసుడే నేటి థర్మల్ ప్యాడ్.

ల్యాప్‌టాప్ విప్పి చూస్తే ఫ్యాను నిండా తడి దూది. అయితే అసలు రోగం అది కాదు. రాగి పలకను పైకెత్తగానే ప్రాసెసరు మీది పేస్టు కథ చెప్పింది. ఒక అంచున మాత్రమే పేస్టు నలిగి ఉన్నది, మిగిలిన భాగం తాకనే లేదు. అంతకు ఆరు నెలల క్రితం ఎవరో మెమరీ చిప్పుల మీద 2 మిల్లీమీటర్ల ప్యాడ్లు వేశారు. మందమైనవి కావడంతో అవి పలకను ఒకవైపు ఎత్తిపట్టాయి. చిన్న చిప్పులకు మేలు చేయబోయి పెద్ద ప్రాసెసరుకు ఊపిరి ఆడనివ్వలేదు. వేసినవారిని నిందించడం నాకు ఇష్టం లేదు. ద్వీపంలో దొరికినదే సరుకు.

ఎంత మందం కావాలి? పిల్లలు ఆడుకునే రంగుమట్టిని చిన్న ఉండగా చేసి, పలుచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, చిప్పు మీద ఉంచి పలక బిగించి విప్పాను. నలిగిన మట్టిని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే 0.8 మిల్లీమీటరు. ప్యాడ్ కొంత నొక్కుకుంటుంది కనుక 1 మిల్లీమీటరుది సరిపోతుంది.

ఊరంతా వెదికినా ఆ మందం దొరకలేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చిన తరువాత ఈ ద్వీపాలకు సమాచారం క్షణాల్లో చేరుతున్నది. కానీ అరచేతిలో పట్టే ప్యాడ్ ముక్క మాత్రం దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం ఆ అమ్మాయి "వచ్చిందా అంకుల్?" అని అడుగుతుంటే, మన ఇంట్లో పిల్ల పరీక్షలా అనిపించింది.

పని మాత్రం గంటన్నరే. బ్యాటరీ కనెక్టరు తీసివేసి, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చాము. పాత పేస్టును, ప్యాడ్లు వదిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాము. కొత్త ప్యాడుకు రెండువైపులా ఉండే రక్షణపొరను తీయడం చాలామంది మరచిపోతారు, జాగ్రత్త. పలక స్క్రూలను అంకెల వరుసలో, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా బిగించాలి. ఈ పనంతా ఆ అమ్మాయి చేతులతోనే చేయించాను. అదే డ్రాయింగు తెరిచి అరగంట నడిపితే ప్రాసెసరు 76 డిగ్రీలు దాటలేదు. గడువుకు రెండు రోజుల ముందే ప్రాజెక్టు సమర్పించింది.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నారు పెద్దలు. అయితే ఆ గోరు ఎంత ఉండాలో కొలుచుకోవాలి. తక్కువైతే గాలి మిగులుతుంది, ఎక్కువైతే పక్కవాడికి చోటు పోతుంది. మేలు చేయాలనే తలంపు ఒక్కటే చాలదు, దానికి కొలత తోడు కావాలి. మన వృత్తి నేర్పే పాఠమే ఇది.

చివరగా ఒక సూచన. దూరప్రాంతాలలోని మన ప్రతి కాలనీ రిక్రియేషన్ క్లబ్బులో ఒక చిన్న పెట్టె ఉంచుదాం. అందులో 0.5, 1, 1.5, 2 మిల్లీమీటర్ల ప్యాడ్లు ఒక్కో రేకు, ఒక పేస్టు గొట్టం, మూత గట్టిగా బిగించిన ఆల్కహాలు సీసా, చిన్న స్క్రూడ్రైవర్ల జత ఉంటే చాలు. ఖర్చు మనం నెలకొకసారి పెట్టుకునే టీ పార్టీకి మించదు. ఎవరి ఇంట్లో ఏ బిడ్డ చదువు దానిమీద ఆధారపడి ఉంటుందో ముందుగా చెప్పలేము కదా!