చెవికి బాగోదన్న సాకు

"చెవికి బాగోదు కాబట్టి అలా మార్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాకరణ పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట. స్పానిష్ నేర్పే పుస్తకాల్లో ఈ మాట ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. "లె" అంటే అతనికి, "లో" అంటే దాన్ని. రెండూ కలిసినప్పుడు "లె లో" అనకూడదు, "సె లో" అనాలి. ఎందుకయ్యా అంటే, రెండు లకారాలు వెంటవెంటనే వస్తే వినసొంపుగా ఉండదట. టెక్సాస్‌లో నేను వెళ్లిన సాయంకాలం క్లాసులోనూ ఇదే చెప్పారు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

మరి సమాంతరాన్ని వాళ్లే "పరలేలో" అంటారు కదా? మందమతిని "లేలో" అంటారు కదా? ఆ చెవులు వీటిని ఎలా ఓర్చుకున్నాయి?

అసలు కథ ఎంత బాగుంటుందో! లాటిన్‌లో "అతనికి దాన్ని" అనే అర్థమిచ్చే "ఇల్లీ ఇల్లుమ్" జనం నోళ్లలో నలిగి నలిగి పాత కాస్టీలియన్‌లో, అంటే తొలినాటి స్పానిష్‌లో, "జెలో" అయింది. సీద్ వీరగాథలో ఆ జెలో కనిపిస్తుంది. ఇటాలియన్‌లో ఇప్పటికీ బతికున్న "ల్యేలో" దానికి తోబుట్టువు. తర్వాత కాస్టీలియన్ ఊష్మాలన్నీ తారుమారైన రోజుల్లో ఆ జకారం, సకారం ఒకదానికొకటి దగ్గరయ్యాయి. తనను తాను అనే అర్థంలో "సె" అప్పటికే వాడుకలో ఉంది. 16వ శతాబ్దంలో జెలోను పక్కకు నెట్టి సెలో స్థిరపడింది. అందులో వినసొంపు ప్రసక్తే లేదు. ఇంత చరిత్ర ఉన్నచోట పిల్లలకు సాకు చెప్పి పంపడం అన్యాయం. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

పైగా ఈ సర్వనామాలు క్రియను అంటుకునే తీరు స్పానిష్‌లోకెల్లా నాకు ప్రాణమైన విషయం. మా వీధిలో ఇంటి కప్పు వేసే పనివాళ్లలో ఒకడు పైనుంచి "పాసమెలో!" అని కేక వేస్తాడు. కింద ఉన్నవాడి చేతిలోని సుత్తి పైకి వెళ్తుంది. అందించు, నాకు, దాన్ని: మూడూ ఒక్క ఊపిరిలో. మనిషి ముందు, వస్తువు తర్వాత. ఆ వరస తప్పదు. తోకలెన్ని తగిలించినా ఊనిక మాత్రం మొదటి "పా" మీది నుంచి కదలదు. అందుకే "దామె"కు అక్కర్లేని ఊనిక గుర్తు, "దామెలో" అనగానే అచ్చులో నెత్తికెక్కుతుంది. అదే వద్దని చెప్పాలంటే తోకలు ఊడి క్రియకు ముందుకొచ్చేస్తాయి: "నో మె లో పాసెస్". పూర్వం భూతకాల క్రియలకు కూడా ఈ తోకలుండేవి. "అనగనగా" అని కథ మొదలుపెట్టే "ఏరసె"లో ఆ అలవాటు ఇంకా మిగిలి ఉంది.

నోటికి వచ్చి చేతికి రాని మాట కూడా ఇందులో ఒకటుంది. "సాల్" అంటే బయల్దేరు. దానికి "లె" చేర్చి ఎదురెళ్లమని చెప్పడం నోటికి సులువే. రాస్తే మాత్రం రెండు లకారాలు జంటై యకారంలా చదవాల్సి వస్తుంది. 1713లో పుట్టిన రాయల్ స్పానిష్ అకాడమీ, ఈ మాటను రాసే దారే లేదని తేల్చేసింది. బళ్లో మొట్టమొదట చెప్పాల్సిన పాఠం ఇదే అంటాను నేను.

ఇక మెక్సికో వాళ్లకు "లె" అంటే ఎంత ఇష్టమో. "కొర్రె" అంటే పరుగెత్తు. వాళ్లు "కోర్రెలె" అంటారు. ఎవరికి? ఎవరికీ కాదు. ఆ "లె" ఏ మనిషినీ చూపించదు, మాటకు ఊపునిస్తుంది, అంతే. "ఆందలె" కూడా అంతే. "ఓరలె" అయితే క్రియను కూడా వదిలేసింది. అందులో ఉన్న "ఓర" అంటే ఇప్పుడు.