వంపు

భీమిలిలో పుట్టి పెరిగిన దాన్ని. జాలరిపేట మగపిల్లలు విరిగిన తెప్ప చెక్కల మీద బోర్లా పడుకుని కెరటాలెక్కి ఒడ్డుకొచ్చేవారు. మేం ఆడపిల్లలం పావడాలు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకునేవాళ్ళం. అంతే. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. ముగించి, ముప్ఫై ఆరేళ్ళ వయసులో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌కి రెండేళ్ళ పరిశోధన కోసం వెళ్ళాక, నా చేత్తో ఒక సర్ఫ్‌బోర్డు చేసుకోవాలనిపించింది. కొనడానికి డబ్బుల్లేకపోవడం ఒక కారణం. అదొక్కటే కాదు.

"ఈ వయసులో నీకీ పిచ్చేటే?" అంది అమ్మ ఫోన్‌లో.

7 అడుగుల థర్మాకోల్ దిమ్మ, మధ్యలో కర్రబద్ద లేనిది. కోసి, గరుకు కాగితంతో రుద్ది, ముక్కు 5 అంగుళాలు పైకి లేచేలా వంపు తెచ్చాను. ఆ వంపు లేకపోతే కెరటం దిగేటప్పుడు ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుపోతుంది. మరీ ఎక్కువైతే పలక నీటిని తోసుకుంటూ మందగిస్తుంది. దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీ పట్టించాలి. పాలియెస్టర్ రెజిన్ పనికిరాదు, థర్మాకోల్‌ని తినేస్తుంది.

ముందు అడుగు వైపు పని. పలకని బల్ల మీద బోర్లించాను. రెండు కొసలూ బల్లకి ఆనాయి, నడుము పైకి లేచి ఉంది. ఎపాక్సీ గిన్నెలోనే బిగుసుకుపోతుందన్న కంగారులో రబ్బరు బద్దతో నడుము మీద అదిమి అదిమి లాగాను. మర్నాడు కొలిస్తే ముక్కు దగ్గర మూడున్నర అంగుళాలే మిగిలింది.

షెడ్డు అద్దెకిచ్చినాయన చూసి, ఆడవాళ్ళకి ఇంతకంటే తేలిక పనులున్నాయి కదా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 1947లో జో క్విగ్ అనే అతను డారిలిన్ జానక్ అనే యువతి కోసం తేలికైన పలక చేశాడు. 'ఆడపిల్లల బోర్డు' అన్న దాన్నే మగవాళ్ళు అరువడిగి తీసుకెళ్ళి, తర్వాత తమకీ అలాంటివే చేయించుకున్నారు. ఈ సంగతి ఆయనకి చెప్పాలనుకున్నాను. అద్దె బాకీ గుర్తొచ్చి ఊరుకున్నాను.

దిమ్మని పారేయబుద్ధి కాలేదు. చేత్తో నొక్కి చూస్తే ఇంకా వంగుతోంది. థర్మాకోల్‌కి ఏం బలముంది? దానికి రెండు వైపులా ఎడంగా నిలబడే గాజు పొరలదే బలమంతా. ఇప్పటికి ఒక పొరే పడింది. రెండోది బిగిసిందంటే ఇంక ఎవరి తరమూ కాదు.

రాత్రి మా ఇంట్లో ఉండే అమ్మాయిని తోడు పిలిచాను. పలకని వెల్లకిలా తిప్పి, ముక్కు కింద ఐదున్నర అంగుళాల ఎత్తు చెక్క, తోక కింద 3 అంగుళాలది పెట్టాం. వదలగానే కొంత వెనక్కి పోతుందని తెలిసే అర అంగుళం ఎక్కువ పెట్టాం. గుడ్డ తడిశాక నడుము మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, బరువుకి దొరికినవన్నీ పేర్చాం. మా థీసిస్‌లు రెండూ చాల్లేదు. చివరికి బ్రౌన్ నిఘంటువు పెడితే నడుము బల్లని తాకింది. తెల్లారేదాకా ఎవరూ దాన్ని కదపలేదు.

బరువులు తీశాక ముక్కు నాలుగూ ముప్పావు అంగుళాల దగ్గర ఆగింది. పై పొర మీద మాత్రం నిఘంటువు అంచుల ముద్ర నలుచదరంగా పడింది. రుద్దితే పోయేదే, రుద్దలేదు.

కావెల్ బీచ్‌లో మొదటిరోజు ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. ముక్కు మాత్రం ఒక్కసారీ మునగలేదు. సాయంత్రం లేచి నిలబడ్డ ఆ మూడు నాలుగు క్షణాల్లో నా వెనక కాలు సరిగ్గా ఆ గాడి మీదే ఉంది. అమ్మకి ఫోటో పంపాను. "పావడా కట్టుకోలేదేటే?" అని రాసింది. కింద ఇంకో మెసేజి. "నడుం నిటారుగా పెట్టు."