గండికోట ఖిలా, కరగని ఆరు విగ్రహాలు

గండికోట ఫొటోలు చూస్తే మన కళ్లు ముందు జామా మసీదు మీదకే పోతాయి. పెన్నా లోయ అంచున ఎర్రరాతి కోట, లోపల మసీదు, పక్కనే ధాన్యం కొట్టు, ఇంకోవైపు మాధవరాయస్వామి గుడి. ఒక్క ఖిలాలో ఇన్ని ఇబాదత్‌గాహ్‌లు! మసీదును చూసి ఫఖ్ర్ కలగడం సహజమే. అయితే ఆ ఖిలా తవారీఖ్‌లో మన పిల్లలకు దాచకుండా చెప్పాల్సిన కిస్సా ఒకటుంది.

పెమ్మసాని నాయకుల నుంచి గండికోటను గెలుచుకున్నది గోల్కొండ వజీర్ మీర్ జుమ్లా. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి తావెర్నియె 1652లో అక్కడికెళ్లి అతన్ని కలిశాడు. తన సఫర్‌నామాలో ఇలా చెప్పాడు. మీర్ జుమ్లాకు 20 ఫిరంగులు కావాలి. పోతపోసే పని క్లోద్ మాయ్ అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలు తెప్పించాడు. అన్నీ కరిగాయి, గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు తప్ప. పూజారులే జాదూ చేశారని వాళ్లను బెదిరించాడు. చివరికి ఒక్క ఫిరంగీ సరిగ్గా తయారు కాలేదు. ఒకటి పగిలింది, ఇంకోటి సగంలో ఆగింది. మాయ్ కొలువు వదిలి వెళ్లిపోయాడు.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న ఫర్నేసుల పక్కన, ఉక్కునగరంలో బతికేవాళ్లం. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుందని, ఇనుముకు 1538 కావాలని మనకు తెలుసు. అందుకే కరగకపోవడాన్ని కరామత్ అనను. కొలిమి వేడి చాలలేదేమో. నన్ను బాధపెట్టేది ఆ ఆరు కాదు, కరిగిపోయిన మిగతావి. అవి ఏ ఊళ్లవో, వాటి ముందు ఎవరు దీపం పెట్టేవారో ఎవరూ రాసిపెట్టలేదు.

మీర్ జుమ్లా చేసినదానికి మనం జవాబుదారులం కాము. ఎవరి గునా వాళ్లదే. కానీ మనవాడని వెనకేసుకొస్తే అందులో మనకూ హిస్సా పడుతుంది. సూరా హజ్ 40వ ఆయత్‌లో కాపాడాల్సిన ఇబాదత్‌గాహ్‌ల ప్రస్తావన ఉంది. మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాల తర్వాతే మసీదుల పేరు వస్తుంది. మసీదు మీద గునపం పడితే దిల్ ఎట్లా విలవిల్లాడుతుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ దర్ద్ తెలిసినవాళ్లం ఇంకొకరి దర్ద్‌ను కాదనలేం.

ఈసారి సెలవుల్లో గండికోట వెళ్తే పిల్లలకు మసీదు మెహ్రాబ్ చూపించండి. అక్కడినుంచి గుడి దగ్గరికి కూడా నడిపించుకెళ్లి, ఈ కిస్సా మొత్తం చెప్పండి. వాళ్లు అడిగే సవాళ్లకు తొందరపడి జవాబివ్వకండి. కాసేపు ఆలోచించుకోనివ్వండి.