ఎరుపు క్లీట్లు, మా మోకాలు

గ్రూపులో సైకిల్ గురించి ఎవరూ రాసినట్టు లేదు. కొంచెం పొడుగైనా చదవండి.

మేమిద్దరం హాస్టల్లో ఒకే రూము, కాలేజీ సైకిల్ టీములో ఒకే జత షూ. ఒక సీనియర్ అన్న చదువైపోయి వెళ్తూ షూ, పెడల్స్ మాకిచ్చాడు. మా ఊళ్లో సైకిలంటే బియ్యం మూట మోసేది. షూ పెడల్‌కి అతుక్కుంటుందని ఇక్కడికొచ్చాకే చూశాం. షూ అడుగున క్లీట్ అని ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. తొక్కితే టక్కున పడుతుంది, మడమ బయటికి తిప్పితే ఊడుతుంది. ఊడకముందు మడమ అటూ ఇటూ ఎంత కదులుతుందో అదే ఫ్లోట్.

పాత క్లీట్లు అరిగిపోయాయి. వేరే కాలేజీ రైడర్ అన్న ఒకాయన "ఎరుపువి కొనండి తమ్ముడూ, మోకాళ్లకి మంచివి" అన్నాడు. మిగిలిన స్కాలర్‌షిప్ డబ్బులన్నీ పెట్టి కొన్నాం.

రెండు వారాలకే మాలో ఒకడికి కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. రెండోవాడికి ఏమీ లేదు. దాంతో నొప్పొచ్చినవాడిదే బలం తక్కువ అనుకున్నాం. సార్‌ని అడగలేదు. అడిగితే వీళ్లకేమీ తెలీదనుకుంటారని. ఆ భయం మీకూ తెలిసిందే కదా.

చివరికి కుంటడం చూసి సారే షూ తిప్పి చూశారు. ఆ అన్న వాడేవి లుక్ కియో. వాటిలో ఎరుపంటే 9 డిగ్రీల ఫ్లోట్, బూడిద 4.5, నలుపు సున్నా. మావి షిమానో ఎస్‌పీడీ-ఎస్ఎల్. వీటిలో ఎరుపే సున్నా, నీలం 2, పసుపు 6. రంగు ఒకటే, లెక్క తలకిందులు! కాలు కట్టేసుకుని తొక్కామన్నమాట.

స్నానం చేసి వస్తూ వరండాలో తడి అడుగులు చూసుకోమన్నారు సార్. ఒకడివి తిన్నగా ఉన్నాయి. ఇంకొకడి కుడి పాదం బయటికి తిరిగి ఉంది. వాడి కాలు తిరగాలంటుంది, క్లీటు తిరగనివ్వదు.

అప్పు చేసి పసుపువి తెచ్చాం. క్లీటు వంకరగా బిగిస్తే ఆ 6 డిగ్రీలూ ఒక పక్కకే అయిపోతాయి. అందుకని ఇద్దరి పాదాలకీ మధ్యగా పెట్టి, మార్కర్‌తో గీత గీసి, మూడు బోల్టులూ బిగించాం. తిన్నగా తొక్కేవాడు మొదట్లో కాలు జారుతున్నట్టుందని గొణిగాడు. నాలుగు రోజులకి మర్చిపోయాడు.

సెలక్షన్ రైడ్‌కి మాత్రం ఒకరమే వెళ్లాం. రెండోవాళ్లం మోకాలికి గుడ్డ చుట్టుకుని రోడ్డు పక్కన నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడ్డాం.

ఎరుపువి ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కావాల్సినవాళ్లు ఊరికే తీసుకెళ్లండి, కానీ ముందు మీ తడి అడుగుల ఫొటో పంపండి.