తొలి అడుగే ముల్లు!

తెల్లారగట్ల మెలకువ వస్తుంది. మంచం దిగి నేల మీద కాలు పెట్టగానే అరికాలి వంపులో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు కలుక్కుమంటుంది. గోడ పట్టుకుని కుంటుకుంటూ పదడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. 'హమ్మయ్య, పోయింది' అనుకుని పనిలో పడితే సాయంత్రానికి మళ్లీ హాజరు! పైకి వాపుండదు, గాయముండదు, జ్వరం రాదు. అందుకే ఇంట్లోవాళ్లకి కూడా నమ్మకం కుదరదు. 'కాలికేమైంది? బాగానే ఉందిగా' అనేస్తారు. పడేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

వైద్యులు దీన్ని 'ప్లాంటార్ ఫేషియైటిస్' అంటారు. పదిమందిలో ఒకరికైనా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది పరిచయమవుతుందని అంచనా. ఎక్కువగా నలభై దాటాకే మొదలవుతుంది. ప్రాణం తీసే జబ్బు కాదు. కానీ బతుకుతెరువు నిలబడి చేసే పనైతే ఆ బతుకుతెరువుకే ఎసరు పెట్టగలదు.

మట్టి నేల నుంచి టైల్స్ దాకా...

గోదావరి డెల్టాలో పాతతరం ఆడవాళ్లు పేడతో అలికిన నేల మీదే తిరిగారు. పొలంలో బురద, కాలవగట్టు మీద మట్టిదారి. అప్పుడు కాళ్లనొప్పులు లేవని కాదు, ఊడ్పులకి వెళ్లినవాళ్ల నడుముల్ని అడిగితే అవే చెబుతాయి. కానీ అరికాలికి తగిలేది మాత్రం ఒత్తితే ఒదిగే నేల. ఇప్పుడు కోనసీమ పల్లెటూళ్లలో కూడా మట్టి నేలల స్థానంలో టైల్సూ, గ్రానైటూ వచ్చేశాయి. తుడవడానికి సుఖమే! ఒట్టికాళ్లతో గంటలకొద్దీ నిలబడేవాళ్లకి మాత్రం అది బండరాయే.

బయట పనులూ అలాగే ఉన్నాయి. రాజమండ్రి తాడితోట బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి చీరలు పరిచి చూపించేవాళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు, కూడళ్లలో ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, హోటళ్లలో సర్వర్లు... వీళ్లందరి పొద్దూ నిలువుకాళ్ల మీదే గడుస్తుంది. టీచర్లదీ అదే వరస.

ఓ లెక్కల టీచరు లెక్క తప్పింది

ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరమైనా జనం నోటికి ఇప్పటికీ రాజమండ్రే. అక్కడి ఓ ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరు. వయసు 44. పొద్దున్నే నాలుగున్నరకి లేచి, వంటింట్లో టైల్స్ మీద ఒట్టికాళ్లతో రెండు గంటలు. తర్వాత స్కూల్లో ఏడు పీరియడ్లు. క్లాసులో టీచరు కూర్చోకూడదని యాజమాన్యం రూలు. ఆ రూలు మీరే అవకాశం కూడా లేకుండా గదుల్లో కుర్చీలే వెయ్యలేదు.

కుడి అరికాల్లో నొప్పి మొదలైన నెలదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. కుంటడం చూసి మొదట కంగారుపడింది అత్తగారే. అమలాపురం వైపు పుట్టి పెరిగిన మనిషి. "అమ్మాయ్, బోదకాలేమో చూపించుకోవే" అన్నారు. ఆ భయానికి కారణముంది. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా ఉభయగోదావరి జిల్లాల్ని తరాలపాటు పీడించింది. 2004 నుంచి ఊరూరా డీఈసీ మాత్రలు మింగించే కార్యక్రమం పెద్దఎత్తున నడిచింది. అయితే బోదకాలుకి చలిజ్వరం, గజ్జల్లో బిళ్లకట్టడం, తగ్గి మళ్లీ వచ్చే వాపు ఉంటాయి. ఈ నొప్పికి అవేవీ లేవు.

బోదకాలు కాదని తేలాక చిట్కాలు మొదలయ్యాయి. కాల్చిన ఇటుక మీద జిల్లేడు ఆకులు పరిచి మడమతో తొక్కడం గోదావరి ఇళ్లలో పాత అలవాటే. వెచ్చదనానికి కాసేపు హాయిగా ఉన్న మాట నిజం. మర్నాడు పొద్దున్న మేకు మేకే! (మధుమేహం వల్ల అరికాలి స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఈ ఇటుక జోలికి పోకూడదు. కాలినా తెలీదు. జిల్లేడు పాలు కంట్లో పడినా ప్రమాదమే.) తర్వాత మందుల షాపులో అడిగి కొన్న నొప్పిమాత్రలు. కాలునొప్పి తగ్గలేదు సరికదా కడుపులో మంట తోడైంది. ఆ తర్వాత ఎక్స్‌రే. "మడమ ఎముక పెరిగింది" అని ఎవరో అన్న ఒక్కమాటతో రెండురాత్రులు నిద్రలేదు. పెరిగిన ఎముకని కొయ్యాల్సిందేనని ఆమె భయం. నిజానికి అలాంటి ఎముక కొన ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా కనిపిస్తుంటుంది. నొప్పికి అదొక్కటే కారణమని చెప్పడానికి లేదు. అది కొయ్యకపోయినా నొప్పి తగ్గుతుంది.

కార్తీకమాసం వచ్చింది. అత్తగారితో కలిసి పంచారామాల బస్సెక్కింది. అమరావతి తప్పిస్తే మిగతా నాలుగూ... భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట... గోదావరి జిల్లాల్లోనివే. ఒక్కరోజులో అయిదు గుళ్లు, అన్నిచోట్లా రాతి నేల, క్యూలు, ఒట్టికాళ్లు. ద్రాక్షారామం వచ్చేసరికి ప్రదక్షిణ పూర్తి చెయ్యలేక మండపం మెట్ల మీద కూలబడింది. 'గుడి చుట్టూ తిరగలేనిదాన్ని పిల్లల ముందు ఏడు పీరియడ్లు ఎలా నిలబడతాను?' అన్న ఆలోచన అక్కడే వచ్చింది. ఆ వారమే రాజీనామా కాగితం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఇంటి అప్పు వాయిదా ఆమె జీతంలోంచే కడుతున్నారు.

వింటినారి లాంటి పట్టీ

కాగితం ఇచ్చేలోపు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది భర్త. అక్కణ్నుంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి. అసలు కాల్లో ఏం జరుగుతోందో అప్పటిదాకా ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పాదం వంపు ఒక విల్లు అనుకుంటే, మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా సాగిన దళసరి పట్టీ దాని నారి. బొటనవేలిని పైకి వంచి చూడండి... అరికాలి వంపు దానంతటదే పైకి లేస్తుంది. వేలు వంగినప్పుడు నారి బిగుస్తుంది. దీన్ని 1954లో హిక్స్ అనే శాస్త్రవేత్త వివరించాడు. ప్రతి అడుగుకీ ఈ నారి బిగుస్తూ, సడలుతూ ఉంటుంది. రోజంతా నిలబడినా, బరువు పెరిగినా, పిక్కలు బిగుసుకుపోయినా, పాదం చదునుగా ఉన్నా, వంపు మరీ ఎక్కువున్నా దాని మీద భారం పెరుగుతుంది. మడమ దగ్గర సన్నసన్నగా చిరుగుతుంది. రాత్రంతా కాలు వాల్చి పడుకుంటే పట్టీ ముడుచుకుంటుంది. పొద్దున్నే ఒక్కసారిగా బరువంతా దాని మీద వేస్తే లాగుతుంది. తొలి అడుగు ముల్లవడం వెనక కథ ఇదే!

2003లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలన మరో సంగతి చెప్పింది. పాతబడ్డ నొప్పుల్లో ఆ పట్టీని కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే వాపు లక్షణాలకన్నా అరుగుదల లక్షణాలే కనిపించాయి. వాపు తగ్గించే మాత్రలతో ఇలాంటి నొప్పి పూర్తిగా లొంగకపోవడానికి ఇదో కారణం కావచ్చు. అరిగినదాన్ని మెల్లమెల్లగా గట్టిపరచుకోవాలి. దానికి మాత్ర కన్నా ఓపిక ముఖ్యం.

మంచం దిగకముందే...

ఫిజియోథెరపిస్టు నేర్పిన మొదటి పని మంచం మీద కూర్చునే చేసేది. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోవాలి. వేళ్ల మొదళ్లని చేత్తో పట్టుకుని మోకాటివైపు వంచాలి. అరికాలి పట్టీ తాడులా బిగుసుకోవడం రెండో చేతికి తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మొదటి విడత మాత్రం నేల మీద కాలు పెట్టకముందే. ఇది అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వైద్యులు 2003లో 101 మంది పాత రోగుల మీద పరీక్షించిన పద్ధతి. మామూలు పిక్క సాగదీతకన్నా దీనికి ఫలితం మెరుగ్గా కనిపించింది.

రెండోది, గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ ఎత్తకుండా పిక్కని సాగదీయడం. మూడోది, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్లసీసాని నేలమీద దొర్లిస్తూ అరికాలితో అయిదు నిమిషాలు తొక్కడం. కాస్త తెరిపిన పడ్డాక మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి మెల్లగా మడమ దించడం. డెన్మార్క్‌లో జరిగిన ఒక పరిశీలనలో ఈ చివరి వ్యాయామం మూడునెలలకి మంచి ఫలితమిచ్చింది.

ఇక నాలుగోది... ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవడం. ఇల్లంతా అల్లకల్లోలమైంది ఇక్కడే!

కాలికో పీట

"వంటింట్లో చెప్పులా? పక్కనే దేవుడి గది!" అత్తగారు మొహం తిప్పేసుకున్నారు. కోడలికి కూడా మనసు ఒప్పలేదు. చిన్నప్పట్నుంచీ గడప బయట వదలడమే తెలుసు. భర్త ఓ జత ఎమ్సీఆర్ చెప్పులు తెచ్చి పెట్టాడు. మైక్రోసెల్యులార్ రబ్బరుతో చేసే ఈ మెత్తటి చెప్పులు మొదట కుష్ఠువ్యాధితో స్పర్శ పోయిన పాదాలకి పుళ్లు పడకుండా కాపాడేందుకు వాడుకలోకి వచ్చాయి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఏళ్లపాటు సేవలందించిన డాక్టర్ పాల్ బ్రాండ్ లాంటివారు ఇలాంటి పాదరక్షల మీద ఎంతో కృషిచేశారు. మధుమేహం ఉన్నవారికీ వైద్యులు ఇవే సూచిస్తుంటారు. అరికాలి నొప్పికి మెత్తదనం ఒక్కటే చాలదు, వంపు కింద కాస్త ఆనుపు కూడా ఉండాలి. అరిగిపోయి చదునైన హవాయి చెప్పులైతే ఉన్నా లేనట్టే.

రెండురోజులు అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. మూడోరోజు పొద్దున్న పోపు మాడుతున్నా పొయ్యి దగ్గరకి చేరలేక గోడ పట్టుకున్న కోడల్ని చూశారు అత్తగారు. ఆ చెప్పుల్ని ఆవిడే తీసి ముందు పెట్టారు.

"వీధి తొక్కనిది చెప్పెలా అవుద్దే? మనం కూర్చోడానికి పీట వేసుకోమా? ఇది కాలికి పీట. దేవుడి గది గడప దగ్గర మాత్రం విడిచెయ్."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వాటి పేరు 'కాలిపీట'!

మూడు వారాలకి పొద్దుటి కుంటుడు పదడుగుల నుంచి నాలుగడుగులకి దిగింది. మూడునెలలకి, మానేసిన సాయంత్రపు నడక మళ్లీ మొదలైంది. మధ్యలో ఒక పెళ్లిలో రోజంతా నిలబడితే నొప్పి తిరగబెట్టింది. అప్పుడూ భయపడలేదు, మళ్లీ మొదటి విడత నుంచి ఎత్తుకుంది. ఈ నొప్పి తగ్గే తీరే అంత. నూటికి 80, 90 మందికి ఆపరేషన్ అవసరం లేకుండానే తగ్గుతుంది గానీ, నెలలు పడుతుంది. ఏడాది పట్టినా వింత లేదు. త్వరగా పోవాలని స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకుంటే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. పదేపదే చేయించుకుంటే మాత్రం ఆ పట్టీయే తెగిపోయే ప్రమాదముంది.

ప్రతి అరికాలి నొప్పీ ఇదే అనుకోవడానికీ లేదు. రాత్రుళ్లు రెండు పాదాలూ మంటలు, తిమ్మిర్లు ఉంటే ముందు షుగరు పరీక్ష. వంపు రోజురోజుకీ కుంగిపోతూ చీలమండ లోపలికి ఒరిగిపోతున్నా, వాపూ జ్వరం ఉన్నా, పొద్దున్నే చేతివేళ్లు కూడా బిగుసుకుపోతున్నా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోతున్నా ఇంట్లో కూర్చుని సీసాలు దొర్లించకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

కుర్చీ అడిగిన రోజు

ఇంట్లో నేల మెత్తబడింది. మరి స్కూలు నేల సంగతి?

నిలబడి చేసే పని ఒంటి సమస్యేనా, హక్కుల సమస్య కూడానా అన్న చర్చ ఇతర రాష్ట్రాల్లో ఎప్పుడో మొదలైంది. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు ఏళ్లతరబడి పోరాడితే 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చునే వీలు కల్పించాలన్నారు. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. ఒక స్టూలు కోసం చట్టాలు మార్చాల్సి వచ్చిందంటే, దాని వెనక ఎన్ని పాదాలు ఎంత నలిగి ఉంటాయో!

లెక్కల టీచరు హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసింది. రాజీనామా కాదు, డాక్టరు చీటీ. దానితో పాటు ఓ విన్నపం... పిల్లలు లెక్క చేసుకునే పది నిమిషాలు కూర్చోడానికి క్లాసులో ఒక స్టూలు, వీలైతే కింది అంతస్తులో పీరియడ్లు. కరస్పాండెంటు వెంటనే ఒప్పుకోలేదు. "మీకొక్కరికిస్తే అందరూ అడుగుతారండి" అన్నాడు.

ఆయన అన్నదే జరిగింది. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో తెలుగు టీచరు చెప్పు విడిచి ఎడమ మడమ చూపించింది. సోషల్ టీచరు రెండేళ్లుగా మాత్రలు మింగుతున్నట్టు చెప్పింది. ఎవరి నొప్పి వాళ్లదే అనుకుని ఎవరికివాళ్లే దాచుకున్నారు. విన్నపం మీద ఆరుగురు సంతకాలు పెట్టారు. వారం తిరిగేసరికి క్లాసుకో ప్లాస్టిక్ స్టూలు వచ్చింది.

అరికాలి వంపు తనంతట తాను అరిచి చెప్పుకోలేదు. దాని తరఫున మనమే నోరు విప్పాలి, ముందు ఇంట్లో... తర్వాత పనిచేసే చోట.